మడుగుకు వీపు తిప్పిన ఏదుపందులు

అనగనగా ఒక అడవిలో, రెండు గుట్టల నడుమ, ఒక పెద్ద మడుగు ఉండేది. కొండ మీంచి గెంతుకుంటూ వచ్చిన వాగు అక్కడ కాసేపు ఆగి ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ముందుకు పోయేది. అక్కడ నీళ్ళు చాలా లోతు. ఏనుగు దిగి నిలబడితే తొండం చివర ఒక్కటే పైకి కనిపించేదంటే చూసుకోండి.

మడుగుకు కాస్త ఎగువన ఎర్రమట్టి గట్టు. ఆ గట్టులో ఒక బొరియ. ఆ బొరియలో ఒక ఏదుపంది కుటుంబం కాపురం ఉండేది. ఏదుపంది అంటే తెలుసు కదా పిల్లలూ? ఒళ్ళంతా నలుపూ తెలుపూ చారల ముళ్ళు. పగలంతా హాయిగా గుర్రుపెట్టి, పొద్దుగూకాక లేచి, దుంపలు తవ్వుకు తింటుంది.

ఆ ఇంటికి పెద్ద నాయనమ్మ దబ్బనమ్మ. ఆమె కొడుకు బల్లెమయ్య. కోడలు ఈనెమ్మ. పేర్లు విని నవ్వకండి, ముళ్ళున్న వాళ్ళ పేర్లు అలాగే ఉంటాయి. బల్లెమయ్య, ఈనెమ్మలకు ఒక్కగానొక్క కూతురు. దాని పేరు మాత్రం మువ్వ. పుట్టినప్పుడు దాని ముళ్ళు ఎంత మెత్తగా ఉన్నాయంటే, పదునైన పేరు పెట్టడానికి వాళ్ళ నాన్నకు మనసొప్పలేదు.

ఏదుపందులకు ఒక పద్ధతి ఉంది. ప్రమాదం ఎటు నుంచి వస్తే అటు వీపు పెడతాయి. ముళ్ళన్నీ వీపు మీదే ఉన్నాయి కదా మరి! ముఖం మీద ఒక్క ముల్లూ ఉండదు. ముక్కూ, బుగ్గలూ మెత్తమెత్తగా ఉంటాయి. అందుకని చిరుతపులి కనిపించగానే గిరుక్కున వెనక్కి తిరిగి, ముళ్ళు నిక్కబొడుచుకుని నిలబడతాయి. కోపం వచ్చినా అంతే, అలిగినా అంతే. వీపు తిప్పేశారంటే ఇక మాట్లాడేది లేదన్నమాట.

మువ్వ సంగతికి వద్దాం. వేసవిలో ఒకనాటి మధ్యాహ్నం దానికి నిద్ర పట్టలేదు. ఇంట్లో వాళ్ళందరూ గుర్రుపెడుతున్నారు. మెల్లగా బయటికొచ్చింది. మడుగు ఒడ్డున నేరేడు చెట్టు కింద పండ్లు రాలి ఉన్నాయి. ఒకటి తింది, రెండు తింది. మూడోది దొర్లుకుంటూ పోయి నీళ్ళలో పడింది. దాని వెంట మువ్వ కూడా జారి, దభీమని నీళ్ళలో పడింది.

"అయిపోయాను!" అనుకుని గట్టిగా కళ్ళు మూసుకుంది.

కాసేపటికి ఒక కన్ను తెరిచి చూసింది. ఏమీ అవలేదు! దాని ముళ్ళు లోపల బోలుగా ఉంటాయి. అవి దాన్ని మునగనివ్వలేదు. సొరకాయ బుర్రలా నీళ్ళ మీద తేలుతోంది. పొట్ట కింద చల్లగా ఉంది. మీద ఆకాశం ఉంది. మువ్వకు భయం పోయి కితకితలు పుట్టాయి. ఫక్కున నవ్వింది.

పక్కనే ఎవరో ఇంకా గట్టిగా నవ్వారు. చూస్తే, నీలాచలం తాత. ఆయనొక ముసలి నీటికుక్క. ఆ మడుగులో పుట్టి, ఆ మడుగులోనే మీసాలు నెరిపించుకున్నాడు.

"ఏదుపంది తేలడం నా జన్మలో ఇదే చూడ్డం!" అన్నాడు నీలాచలం. "తేలడం వచ్చింది సరే. ఈదడం కావాలా?"

"కావాలి తాతా!" అంది మువ్వ. ఇంకో మాట ఆలోచించలేదు.

ఆ రోజు నుంచి రోజూ మధ్యాహ్నం ఇంట్లోవాళ్ళు పడుకోగానే మువ్వ మడుగుకు పరుగెత్తేది. మొదట్లో తల తిప్పినవైపే గుండ్రంగా తిరిగేది. తర్వాత తిన్నగా పోవడం వచ్చింది. ఊపిరి బిగబట్టడం వచ్చింది. సుడి వస్తే దానితో పోట్లాడకుండా పక్కనుంచి జారుకోవడం వచ్చింది. వానలు పడి మడుగు పోటెత్తినప్పుడు నీలాచలం దాన్ని ఒడ్డు వదలనివ్వలేదు. వానలు తగ్గాక మళ్ళీ లోతుకు తీసుకెళ్ళాడు.

ఆ అడవిలో ఏటా ఒక సంబరం జరిగేది. స్వాతి కార్తెలో, వానలు వెనకబట్టి వాగు తేటపడ్డాక, అడవి జనమంతా మడుగు దగ్గర చేరేవారు. దాన్ని మూడీతల రోజు అనేవారు. ఈ ఒడ్డున నల్లబండ ఉంది. ఆ ఒడ్డున మద్దిచెట్టు ఉంది. బండ దగ్గర మొదలుపెట్టి, చెట్టు వేరును ముట్టుకుని, తిరిగి బండ దగ్గరికి వస్తే ఒక ఈత. అలాంటివి మూడు. మధ్యలో బండ పట్టుకుని ఆయాసం తీర్చుకోవచ్చు, గట్టు మాత్రం ఎక్కకూడదు. ఎవరినీ ఓడించనక్కర్లేదు. మూడీతలూ పూర్తిచేసినవాళ్ళ పేరు చెట్టు మీంచి గోరింక మూడుసార్లు పిలిచేది. అంతే. కానీ ఆ పిలుపు కోసం జింకలూ, పందులూ, ఉడుములూ కూడా ఏడాది పొడుగునా కష్టపడేవి.

ఏదుపంది పేరు మాత్రం గోరింక ఎప్పుడూ పిలవలేదు. ఏదుపందులెవరూ మడుగు ఛాయలకే వచ్చేవాళ్ళు కాదు.

"ఈసారి నేను ఈదుతాను తాతా," అంది మువ్వ.

"ఈదగలవు," అన్నాడు నీలాచలం. "మీ ఇంట్లో చెప్పావా?"

మువ్వ బుడుంగున నీళ్ళలో మునిగింది.

అప్పుడే మడుగులో బొద్దు అనే అడవిపంది పిల్ల ఈత నేర్చుకుంటోంది. దానికి ఈత అంత బాగా రాదు. అయినా ఒడ్డున దాని అమ్మా, నాన్నా, పదిమంది అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ వరసగా నిలబడి, "బొద్దూ! బొద్దూ!" అని అడవి అదిరేలా అరిచేవారు. బొద్దు నీళ్ళు మింగినా అరిచేవారు. దారి తప్పి వెనక్కి వచ్చినా అరిచేవారు. మువ్వ ఎంత బాగా ఈదినా దాని ఒడ్డు ఖాళీగా ఉండేది. ఒడ్డుకు వచ్చినప్పుడల్లా బొద్దు వాళ్ళవైపే చూస్తూ నిలబడేది.

ఇక దాచుకోలేక, మూడీతల రోజు మూడు రోజుల్లో ఉందనగా, ఇంట్లో చెప్పేసింది.

ముందు నాన్న దగ్గరికి వెళ్ళింది. బల్లెమయ్య సాయంత్రం చీకటి పడకముందే బొరియ వాకిట్లో గోళ్ళు నూరుకుంటున్నాడు.

"నాన్నా, నాకు ఈత వచ్చు. మూడీతల రోజున ఈదుతాను. నువ్వు రావూ?"

బల్లెమయ్య గోళ్ళు నూరడం ఆపేశాడు. "ఈతా! మనం తవ్వే జాతి. మీ ముత్తాత తవ్వాడు, మీ తాత తవ్వాడు, నేను తవ్వుతున్నాను. మట్టిలో బతికేవాళ్ళకు నీళ్ళతో ఏం పని?" అన్నాడు. తర్వాత కాస్త నీరసంగా, "మా మాట నీకెక్కదు గదా. నీ ఇష్టం," అన్నాడు.

ఆ 'నీ ఇష్టం' అనే మాట ఎలాంటిదో మీకు తెలుసు. వద్దన్నా అంత బాధగా ఉండదు.

తర్వాత అమ్మ దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, నువ్వైనా రావా?"

"నీళ్ళల్లోనా? జలుబు చేస్తుంది, దగ్గు పట్టుకుంటుంది. ముళ్ళలో నాచు చిక్కుకుంటే ఎవరు తీస్తారు?" అంటూ ఈనెమ్మ కూతుర్ని దగ్గరికి లాక్కుని, నిజంగానే ముళ్ళలో నాచు ఉందేమోనని వెతకడం మొదలుపెట్టింది. ఉంది. నాలుగు నెలల నాచు ఉంది. ఈనెమ్మ ఒక్కో పోగూ ఏరి తీస్తూ కూర్చుంది.

ఆఖరికి నాయనమ్మ దగ్గరికి వెళ్ళింది.

"నాయనమ్మా, నువ్వు..."

"ఒసే పిల్లా!" అంది దబ్బనమ్మ. "ఆ మడుగు పేరు ఈ ఇంట్లో ఎత్తకు. మీ తాతను మింగింది అది. దుంపల కోసం వాగు దాటబోయి దాని సుడిలో పడ్డాడు. మళ్ళీ రాలేదు." అని గోడవైపు తిరిగి, మనవరాలికి వీపు పెట్టి పడుకుంది.

మువ్వకు ఏడుపు ముంచుకొచ్చింది. అయినా బొరియ మధ్యలో నిలబడి, అందరికీ వినపడేలా చెప్పింది. "నేను ఈదుతాను. ఇంత కష్టపడి నేర్చుకుని మానను. కానీ మీరు ఒడ్డున ఉంటే నాకు బాగుంటుంది. అంతే. ఇంకేం అడగను."

బల్లెమయ్య మళ్ళీ గోళ్ళు నూరుకోవడం మొదలుపెట్టాడు.

మూడీతల రోజు రానే వచ్చింది. ఎండ తెల్లగా కాస్తోంది. మడుగు గట్టు మీద కాలు పెట్టడానికి చోటు లేదు. కుందేళ్ళు రాళ్ళెక్కి కూర్చున్నాయి. కోతులు కొమ్మలు ఆక్రమించుకున్నాయి. బొద్దు చుట్టాలు ఈసారి మేనత్తలతో సహా దిగిపోయారు. ముందు వరస మొత్తం వాళ్ళదే.

మువ్వ నల్లబండ మీద నిలబడి గట్టంతా వెతికింది. ముళ్ళు ఎక్కడా కనిపించలేదు.

"పగలు కదా తాతా, నిద్రపోతూ ఉంటారు," అంది, తనకు తాను చెప్పుకుంటున్నట్టు.

"ఊఁ," అన్నాడు నీలాచలం. ఈదేవాళ్ళకు ఆపద వస్తే ఆదుకోవడానికి ఆయన కూడా నీళ్ళలోనే ఉంటాడు. "దిగు. నీళ్ళు నిన్ను చూస్తున్నాయి."

గోరింక కూత వేసింది. అందరూ నీళ్ళలోకి దూకారు.

మొదటి ఈత మువ్వ తేలిగ్గా ఈదేసింది. ఏదుపంది ఈదుతుంటే చూడాలని గట్టు మీద అందరూ మెడలు సాచారు. "అబ్బో! ముళ్ళపొద ఈదుతోందర్రా!" అని కోతులు కేకలు పెట్టాయి. మద్దివేరు ముట్టుకుని తిరిగి బండ దగ్గరికి వచ్చి, తల ఎత్తి చూసింది. అమ్మ లేదు. నాన్న లేడు. నాయనమ్మ ఎలాగూ రాదు.

రెండో ఈతకు కాళ్ళు కాస్త బరువెక్కాయి. వెళ్ళి, వేరు ముట్టుకుని వెనక్కి తిరిగింది. తిరిగి, బండవైపు చూసింది.

వచ్చారు! ముగ్గురూ వచ్చారు! పగటి వెలుతురుకు కళ్ళు చిట్లించుకుంటూ, ఒకరి వెనక ఒకరు గుట్ట దిగుతున్నారు. ముందు నాన్న. మధ్యలో నాయనమ్మ, ఆమెకు కళ్ళు సరిగా ఆనవు కాబట్టి నాన్న తోక చివర పట్టుకుని నడుస్తోంది. వెనక అమ్మ. నేరుగా నల్లబండ పక్కకు వచ్చి నిలబడ్డారు.

మువ్వ ఒంట్లో పదిమంది బలం వచ్చింది. నీళ్ళు చీల్చుకుంటూ బయల్దేరింది. "ఇప్పుడు నన్ను చూస్తారు. ఇప్పుడు చూస్తారు," అనుకుంటూ ఈదింది.

సగం దూరం వచ్చేసరికి బల్లెమయ్య తల ఎత్తి మడుగు వైపు చూశాడు. అంత నీళ్ళు! చూసీ చూడగానే ముళ్ళు నిక్కబొడుచుకుని, గిరుక్కున వెనక్కి తిరిగిపోయాడు. ఈనెమ్మ తిరిగిపోయింది. దబ్బనమ్మ తిరిగిపోయింది. ముగ్గురూ మువ్వకు వీపు పెట్టి నిలబడ్డారు.

గట్టంతా మువ్వవైపే చూస్తోంది. దాని కన్నవాళ్ళు తప్ప.

మువ్వ కాళ్ళు ఆగిపోయాయి. నోట్లోకి నీళ్ళు పోయాయి. ఉక్కిరిబిక్కిరైంది. ఎలా ఈదిందో, ఎంతసేపు ఈదిందో దానికే తెలీదు. బండ చేతికి తగలగానే దాన్ని వాటేసుకుని రొప్పింది.

"తాతా, ఇక చాలు. గట్టెక్కేస్తాను," అంది.

"ఒక్క ఈతే మిగిలింది కదే!" అన్నాడు నీలాచలం.

"చూడు వాళ్ళని! రాకపోయినా బాగుండేది. ఇంతమందిలో నామీద అలిగి నిలబడ్డారు. నన్ను చూడ్డం కూడా ఇష్టం లేదు వాళ్ళకి." మువ్వ కళ్ళలోంచి నీళ్ళు కారి మడుగు నీళ్ళలో కలిసిపోతున్నాయి.

నీలాచలం మీసాలు దువ్వుకున్నాడు. "అలిగారో, ఇంకేమిటో, నీటికుక్కకేం తెలుస్తుంది ఏదుపందుల సంగతి? వాళ్ళు బారెడు దూరంలో ఉన్నారు. నీకు నోరుంది. అడుగు. అడిగాక కూడా గట్టెక్కాలనుకుంటే ఎక్కు, నేనే చేయి అందిస్తాను."

మువ్వకు రెండు దారులు కనిపించాయి. గట్టెక్కి, తలొంచుకుని, నలుగురిలోంచి ఇంటికి పోవచ్చు. లేదా, నలుగురిలోనే నోరు తెరిచి అడగొచ్చు. మొదటిదే తేలిక. మువ్వ ఒక కాలు బండ మీద పెట్టబోయింది కూడా. మళ్ళీ నీళ్ళలోకి తీసేసుకుంది.

"నాన్నా!" అని అరిచింది. "ఎందుకు వీపు తిప్పావు? నామీద అంత కోపమా?"

గట్టు మీద అందరూ గప్‌చుప్ అయిపోయారు. బొద్దు మేనత్తలు కూడా నోరు మూశారు.

"కోపమేంటే?" అన్నాడు బల్లెమయ్య, తల తిప్పకుండానే. "నీళ్ళకు వీపు చూపించకపోతే ఎలా? ఎంత పెద్ద శత్రువో చూశావా ఇది! పగలు నిద్ర మానుకుని వచ్చాం. దారిలో మూడుసార్లు భయమేసి వెనక్కి పోయాం. మూడుసార్లూ మళ్ళీ వచ్చాం. నీకు కాపలా కాస్తున్నామమ్మా! ఈ మడుగు నీ మీదికి రావాలంటే ముందు మా ముళ్ళు దాటాలి!"

మువ్వకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నీళ్ళంటే భయపడాలన్న సంగతే అది ఎప్పుడో మర్చిపోయింది. అందుకే ఆ వీపుల్లో దానికి కాపలా కనిపించలేదు, కోపం కనిపించింది.

"నాన్నా, నేను మడుగు లోపలే ఉన్నాను కదా!" అంది.

బల్లెమయ్య కాసేపు ఆలోచించాడు.

"అవును కదా," అన్నాడు.

కోతులు కిచకిచ నవ్వాయి. నీలాచలం వాటివైపు ఒక్క చూపు చూసేసరికి ఊరుకున్నాయి.

"నాకు మీ ముళ్ళు వద్దు నాన్నా," అంది మువ్వ. "మీ ముఖాలు కావాలి. నేను ఈదుతుంటే మీరు చూడాలి. మిమ్మల్ని రమ్మన్నది అందుకే. ఇటు తిరగండి!"

బల్లెమయ్య తిరగబోయాడు. తిరగలేకపోయాడు. పుట్టి బుద్ధెరిగాక ఏ ఏదుపందీ ప్రమాదానికి ముఖం చూపించలేదు. ఆయన కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి. ఈనెమ్మ ఒక పక్కకు సగం తిరిగి, నీళ్ళు కనపడగానే మళ్ళీ వెనక్కి తిరిగిపోయింది.

అప్పుడు దబ్బనమ్మ కదిలింది.

"బల్లెమూ," అంది కొడుకుతో. "మీ నాన్న నీళ్ళలో పడ్డ రోజు నేను ఒడ్డునే ఉన్నాను. మన పద్ధతి ప్రకారం నీళ్ళకు వీపు పెట్టి, ముళ్ళు నిక్కబెట్టి నిలబడ్డాను. ఆయన నన్ను పిలిచాడు. రెండుసార్లు పిలిచాడు. నేను కాపలా వదిలిపెట్టలేదు. తిరిగి చూసేసరికి నీళ్ళే ఉన్నాయి. ఆఖరిసారి ఆయన ముఖం చూసుకోలేకపోయాను రా." ఆమె మువ్వ గొంతు వినిపించినవైపు చెవి పెట్టింది. "ఇది కూడా పిలుస్తోంది. ఇప్పుడు కూడా తిరగకపోతే ఇక నేనెందుకు?"

అని, ఆ ముసలామె మెల్లగా, ఒక్కో కాలే మారుస్తూ, మడుగు వైపు తిరిగింది. ఆమె ముక్కు వణుకుతోంది. బుగ్గలు వణుకుతున్నాయి. ముళ్ళు లేని ఆ ముఖాన్ని అంత నీటికీ ఎదురుగా పెట్టి, "ఎక్కడున్నావే పిల్లా?" అంది.

"ఇక్కడ నాయనమ్మా! బండ దగ్గర!"

"ఆఁ, నల్లగా ఏదో కనిపిస్తోంది. నువ్వేనన్నమాట."

అత్తగారు తిరిగాక కోడలు ఆగుతుందా? ఈనెమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని తిరిగింది. తిరిగాక తెరిచింది. నీళ్ళలో కూతురి ముఖం చూసి, "అయ్యో, నా తల్లీ! ఎంత అలసిపోయావే!" అంది. ఇక బల్లెమయ్య. ఆయన పళ్ళు బిగబట్టి, "ఒకటి, రెండు, మూడు" అనుకుని, ఒక్క విసురున తిరిగాడు. తిరిగిన విసురుకు ఆయన ముళ్ళు తగలబోయి పక్కనున్న కుందేలు ఎగిరి దూకింది.

మువ్వ వాళ్ళ ముగ్గురి ముఖాలూ ఒక్కసారి తనివితీరా చూసుకుంది. తర్వాత బండ వదిలేసింది.

మూడో ఈత మొదలైంది.

ఈసారి నీళ్ళు వేరేగా ఉన్నాయి అనిపించింది దానికి. నిజానికి నీళ్ళు అవే. వెనక మూడు జతల కళ్ళు ఉన్నాయి, అంతే తేడా. మద్దివేరు దాకా ఒక్క ఊపున వెళ్ళిపోయింది. వేరు ముట్టుకుని వెనక్కి తిరిగింది. ఇక సగం మిగిలింది.

అక్కడే వచ్చింది చిక్కు. మడుగు నడిమధ్యకు వచ్చేసరికి వాగు ఉరవడి దాన్ని పక్కకు నెట్టేసింది. రెండు ఈతల అలసట ఒక్కసారి మీద పడింది. వెనక కాళ్ళు పట్టేశాయి. కాళ్ళు ఆడిస్తోంది గానీ బండ దగ్గరికి రావడం లేదు. నీలాచలం దగ్గరికి వచ్చాడు గానీ చేయి వెయ్యలేదు. చేయి వేస్తే ఈత చెల్లదు.

ఒడ్డున బల్లెమయ్య అది చూశాడు. చూస్తున్నాడు కాబట్టే చూశాడు. కూతురికి ఏదో చెప్పాలి. గట్టిగా అరవాలి. కానీ ఆయనకు ఈత గురించి ఏం తెలుసు? ఆయనకు తెలిసిన పని ఒక్కటే. గుండెలనిండా గాలి తీసుకుని ఆ ఒక్కటే అరిచాడు.

"తవ్వు! తవ్వవే తల్లీ! తవ్వు!"

గట్టు మీదివాళ్ళు తెల్లబోయారు. నీళ్ళను తవ్వడమేమిటి?

మువ్వకు మాత్రం వెంటనే అర్థమైంది. దానికి నడకతో పాటు వచ్చిన విద్య తవ్వడం. ముందుకాళ్ళు రెండూ చాచి, గోళ్ళు వంచి, గట్టి మట్టిలో దుంప కోసం తవ్వినట్టు నీళ్ళను తవ్వింది. ఒక పట్టు వేసింది. రెండో పట్టు వేసింది. మూడో పట్టుకు ఒళ్ళు ముందుకు జరిగింది!

"తవ్వు!" అంది ఈనెమ్మ. జలుబూ దగ్గూ అన్నీ మర్చిపోయి, ఎగిరి ఎగిరి అరుస్తోంది. "తవ్వు అమ్మడూ! తవ్వు!"

"తవ్వవే!" అంది దబ్బనమ్మ. ఆమె కళ్ళకు మువ్వ ఎక్కడుందో కనిపించడం లేదు. అందుకని మడుగంతటికీ వినపడేలా అరుస్తోంది.

బొద్దు అప్పటికే మూడీతలూ ముగించి తన వాళ్ళ మధ్య కూర్చుని ఉంది. అదీ లేచి, "తవ్వు!" అంది. వాళ్ళమ్మా నాన్నా అందుకున్నారు. పదిమంది తోబుట్టువులూ, మేనత్తలూ అందుకున్నారు. అరవడంలో వాళ్ళను మించినవాళ్ళు లేరు కదా! కోతులు కొమ్మలు ఊపుతూ అరిచాయి. కుందేళ్ళు సన్నగా అరిచాయి. రెండు గుట్టలూ "తవ్వు, తవ్వు" అని మార్మోగాయి. ఇప్పటికీ ఆ మడుగులో ఎవరు ఈదినా ఒడ్డుమీదివాళ్ళు "తవ్వు!" అనే అరుస్తారట.

మువ్వ తవ్వింది. నీళ్ళను తవ్వింది, ఉరవడిని తవ్వింది, తన అలసటను తవ్వింది. బండ దగ్గరైంది. ఇంకా దగ్గరైంది. చెయ్యి చాచింది. తగిలింది.

చెట్టు చిటారుకొమ్మ మీద గోరింక గొంతు సవరించుకుంది. ఆ మాట అది ఎన్నడూ పలికి ఎరగదు. అందుకని మరీ జాగ్రత్తగా పలికింది.

"ఏదుపంది మువ్వ! మూడీతలు! ఏదుపంది మువ్వ! మూడీతలు! ఏదుపంది మువ్వ! మూడీతలు!"

అడవి అడవంతా సంతోషంతో హోరెత్తింది. బల్లెమయ్య కూతుర్ని పైకి లాగడానికి వంగి, తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. మోకాళ్ళ లోతు నీళ్ళలో ఉన్నాడు! ఎప్పుడు దిగాడో, ఎలా దిగాడో ఆయనకే తెలీదు.

"ఓలమ్మో! నేను నీళ్ళల్లో ఉన్నాను!" అని ఒక్క గెంతు గెంతి ఒడ్డున పడ్డాడు. అందరితో పాటు తనూ నవ్వేశాడు.

ఈనెమ్మ కూతురి ముక్కుకు తన ముక్కు ఆనించింది. ఏదుపందులు అలాగే ముద్దు పెట్టుకుంటాయి, కావలించుకుంటే ముళ్ళతో గొడవ కదా.

"ఈదేటప్పుడు నీ ముఖం అలా వెలిగిపోతుందని నాకు తెలీదే," అంది. "ఎంత బాగున్నావో!"

"నువ్వెప్పుడూ చూడలేదు కదమ్మా," అంది మువ్వ. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అంతా సంతోషమే.

"తప్పు నాదే తల్లీ," అన్నాడు బల్లెమయ్య. "నీ ఇష్టం అనేసి ఊరుకున్నాను. నీ ఇష్టం ఏమిటో వచ్చి చూడాలని తోచలేదు."

"నేనూ వస్తారా అని అడిగాను గానీ, చూడండి అని అడగలేదు నాన్నా," అంది మువ్వ.

ఇంతలో దబ్బనమ్మ ఇద్దరినీ పక్కకు తోసుకుని ముందుకు వచ్చింది. మనవరాలి తల, బుగ్గలు, తడిసిన ముళ్ళు అన్నీ తడిమి చూసుకుంది. చూసుకుని, కాస్త చిన్నబుచ్చుకున్న గొంతుతో అంది.

"ఒసే పిల్లా, అందరూ చూశారు. నాకే సరిగ్గా కనపడలేదు. ఇంకొక్కసారి, కాస్త ఒడ్డు దగ్గర్లో ఈదవే."

"అత్తయ్యా! పిల్ల సొమ్మసిల్లిపోయేలా ఉంటే ఇప్పుడేంటి?" అంది ఈనెమ్మ.

మువ్వ కాళ్ళు లాగేస్తున్నాయి. ఒళ్ళు పచ్చిపుండులా ఉంది. ఒకసారి నాయనమ్మ వైపు చూసింది. దబ్బనమ్మ అప్పుడే నల్లబండ మీద చతికిలబడి, ముళ్ళు పూర్తిగా వాల్చేసి, మెత్తటి ముఖం మడుగుకు ఎదురుగా పెట్టుకుని కూర్చుంది.

మువ్వ మళ్ళీ నీళ్ళలోకి దిగింది. ఈ ఈతను గోరింక లెక్కపెట్టలేదు. మెల్లమెల్లగా, నాయనమ్మ కంటికి ఆనేలా, ఒడ్డు వారన అటొకసారి ఇటొకసారి ఈదింది.

"కనిపిస్తున్నావే!" అని అరిచింది దబ్బనమ్మ. "కనిపిస్తున్నావు!"

నీతి: మనవాళ్ళు మన వెంట ఉంటే చాలదు, మనవైపు చూడాలి, ఆ చూపు కావాలనుకున్నవాళ్ళు మనసులో కుమిలిపోకుండా నోరు తెరిచి అడగాలి, అడిగినప్పుడు అయినవాళ్ళు తమ భయాన్ని పక్కన పెట్టి తిరగాలి.